లయ తప్పిన నాడి

గుండె పైభాగంలోని రెండు గదులను కర్ణికలంటారు. అవి వరుస తప్పకుండా ముడుచుకుంటూ, కింద ఉన్న జఠరికల్లోకి రక్తాన్ని తోస్తుంటాయి. ఆ వరుస చెదిరి, కర్ణికల కండరంలో నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్ ప్రేరణలు ఎటుపడితే అటు పరుగెత్తితే, అవి ముడుచుకోవడం మాని వణుకుతూ ఉండిపోతాయి. ఇదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. రెండు అంతస్తుల మధ్య కావలి ఉన్న కణుపు ఆ ప్రేరణల్లో కొన్నింటినే కిందికి వదులుతుంది. అందుకే మనిషి ప్రాణం నిలుస్తుంది, నాడి మాత్రం లెక్కాపత్రం లేకుండా కొట్టుకుంటుంది. కొందరికి గుండె దడ, ఆయాసం, నీరసం. చాలామందికి ఏమీ తెలియదు, పక్షవాతం వచ్చిన రోజున తీసిన ఈసీజీలోనే అది మొదటిసారి కనబడుతుంది.

నాడి పట్టి జబ్బు చెప్పడం మన దేశంలో పాత విద్యే. శార్ఙ్గధర సంహితలో నాడీపరీక్ష ఉంది. తెలుగు వైద్యులు తరతరాలుగా చేతిలో పెట్టుకున్న బసవరాజీయంలోనూ దానికి పెద్దపీటే వేశారు. తడబడే నాడి మంచిది కాదని ఆ వైద్యులకు తెలుసు. అంతమాత్రాన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను వాళ్లే కనిపెట్టారనడం అతిశయోక్తి. నాడి తప్పడానికి పది కారణాలుంటాయి, కర్ణిక లోపల జరిగేది వేలికి అందదు. ఇంగ్లండులో విలియం హార్వే 1628లో రక్తప్రసరణ గురించి రాసినప్పుడు, చనిపోతున్న జంతువుల గుండెలో జఠరికలు ఆగిపోయాక కూడా కర్ణికలు అదురుతూ ఉండటాన్ని కళ్లారా చూసి నమోదు చేశాడు. ఆ అదురుకూ బతికున్న మనిషి నాడికీ సంబంధం ఉందని తేలడానికి మరో దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది.

మందు మాత్రం జబ్బుకు పేరు పెట్టకముందే దొరికింది. బర్మింగ్‌హామ్ వైద్యుడు విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క మీద ఒక పుస్తకం వేశాడు. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలామె ఇంటివైద్యంగా ఇచ్చే ఆకుల కషాయంతో ఒళ్లు నీరుపట్టిన రోగులు కోలుకుంటున్నారని తెలిసి, ఆమె వాడే ఇరవై రకాల మూలికల్లో పనిచేసేది ఇదొక్కటేనని ఆయన తేల్చాడు. పదేళ్ల పాటు రోగులను చూసి, మోతాదు మించితే విషమవుతుందని కూడా రాశాడు. ఆ ఆకులోని డిజిటాలిస్ పై అంతస్తు వణుకును ఆపదు, కిందికి దిగే ప్రేరణలకు అడ్డుకట్ట వేసి నాడి వేగం తగ్గిస్తుంది. దాని దగ్గరి చుట్టమైన మరో మొక్క నుంచి 1930లో వేరుచేసిన డిగాక్సిన్ నేటికీ మందుల చీటీల మీద కనిపిస్తూనే ఉంది.

జబ్బును అర్థం చేసుకోవడానికి దారి వేసినవాడు పెద్ద ఆసుపత్రి ప్రొఫెసరు కాదు, ఊరి డాక్టరు. స్కాట్లండులో పుట్టిన జేమ్స్ మెకంజీ 1879 నుంచి లాంకషైర్‌లోని బర్న్‌లీ అనే నేతమిల్లుల పట్టణంలో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ ఒకే కుటుంబాన్ని, ఒకే రోగిని ఏళ్ల తరబడి చూసే అవకాశం ఉండేది. ప్రొఫెసర్లకు దొరకనిది అదే. మెడలోని సిరకొట్టుడునూ మణికట్టు నాడినీ ఒకే కాగితం మీద గీసే పరికరాన్ని ఆయన తయారు చేయించుకున్నాడు. గుండె కవాటం కుంచించుకుపోయిన ఒక స్త్రీని 1880 నుంచీ చూస్తున్నాడు. 1890ల చివరలో ఒకరోజు ఆమె మెడ గీతలో కర్ణిక ముడుచుకున్నప్పుడు రావలసిన అల మాయమైంది, అదే సమయానికి నాడి కూడా పూర్తిగా లయ తప్పింది. కర్ణిక పడిపోయిందని, దానికి పక్షవాతం వచ్చిందని ఆయన అనుకున్నాడు. తర్వాత ఆ వివరణను మార్చుకున్నాడు కూడా. వివరణ తప్పు, చూసింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

లైడెన్‌లో విలెం ఐంతోవెన్ 1900ల తొలి ఏళ్లలో తయారుచేసిన ఈసీజీ యంత్రం ఆ తప్పును సరిదిద్దింది. 1909లో లండన్‌లో థామస్ లూయిస్, వియన్నాలో రోత్‌బెర్గర్, వింటర్‌బెర్గ్‌ల జంట ఎవరికి వారుగా ఒకే మాట చెప్పారు: మనుషుల్లో కనబడే ఈ అస్తవ్యస్తపు నాడికి కారణం కర్ణికల వణుకే. ఆ తర్వాత కొద్దికాలానికే వైద్యుడు వెంకెబాక్ ఒక వింత నమోదు చేశాడు. దడతో వచ్చిన ఒక డచ్చి వ్యాపారి, దాన్ని తానే ఆపుకోగలనని చెప్పి, క్వినైన్ మింగి మర్నాడు సవ్యమైన నాడితో వచ్చి కూర్చున్నాడట. ఆ ఆధారం పట్టుకుని 1918లో వాల్టర్ ఫ్రై సింకోనా బెరడులోని క్వినిడిన్ అన్నింటికన్నా బాగా పనిచేస్తుందని చూపాడు. లయను తిరిగి తెచ్చే మందుల కథ మలేరియా మందుతో మొదలైందన్నమాట.

ఇంతవరకూ అందరి చూపూ గుండె మీదే. అసలు ముప్పు ఉన్నది రక్తంలో. ముడుచుకోని గదిలో రక్తం నిలువ నీరులా మందగించి గడ్డకడుతుంది. ముఖ్యంగా ఎడమ కర్ణికకు అంటుకుని ఉన్న చిన్న చెవిలాంటి సంచిలో. (కర్ణిక అన్న సంస్కృతపు మాటలోనూ, పాత వైద్యులు వాడిన ఆరికిల్ అన్న లాటిన్ మాటలోనూ దాగి ఉన్నది చెవే.) ఆ గడ్డ జారి మెదడుకు చేరితే పక్షవాతం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన దీర్ఘకాల అధ్యయనం 1978లో దీనికి లెక్క కట్టింది: కవాటం జబ్బు లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పక్షవాతం ముప్పు అయిదు రెట్లకు పైగా, రుమాటిక్ కవాటం జబ్బు తోడైతే పదిహేడు రెట్లకు పైగా.

గడ్డకట్టనీయని మందు పశువుల కొట్టం నుంచి వచ్చింది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే రక్తం కారి చనిపోయేవి. 1933 చలికాలంలో విస్కాన్సిన్ రైతు ఒకడు చచ్చిన దూడను, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానును, ఆ గడ్డి మోపును బండిలో వేసుకుని మంచుతుఫానులో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి రసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఆరేళ్లు శ్రమించి ఆ గడ్డిలోని డైకుమరాల్‌ను వేరుచేసింది. దాని వారసుడైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కింది. పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థ ఇంగ్లీషు పొడి అక్షరాలే ఆ పేరులో మొదటి సగం. 1954లో మనుషులకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చాక ఎలుకల మందు అన్న బెరుకు కొంత పోయింది.

విచిత్రమేమంటే, కవాటం జబ్బు లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు ఇది పనికొస్తుందని రుజువు కావడానికి మరో 35 ఏళ్లు పట్టింది. 1989లో డెన్మార్క్‌లో, ఆ వెంటనే అమెరికాలో జరిగిన పరీక్షలు పక్షవాతాలు దాదాపు మూడింట రెండొంతులు తగ్గుతాయని చూపాయి. ఈ మందుతో బతకడం మాత్రం సులువు కాదు. మోతాదు తగ్గితే గడ్డ, మించితే రక్తస్రావం. ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో లెక్క వస్తుండటంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల్లో ఐఎన్ఆర్ అనే ఉమ్మడి కొలత పెట్టించింది. మామూలుగా అది 2కూ 3కూ మధ్య ఉండాలి. మన దేశంలో వార్ఫరిన్‌తో పాటు అసిట్రోమ్ పేరుతో అమ్మే దాని జాతి మందు ఎక్కువ వాడుకలో ఉంది. ఇవి విటమిన్ కె పనికి అడ్డుపడతాయి. ఆ విటమిన్ ఆకుకూరల్లో దండిగా ఉంటుంది. అందుకని తోటకూర, పాలకూర, మునగాకు పూర్తిగా మానేసే తెలుగు రోగులు ఎందరో. మానక్కర్లేదు. ఒక వారం చట్టినిండా, మరో వారం అసలే లేకుండా కాక, ఎప్పుడూ ఒకే తీరుగా తింటే మోతాదు నిలకడగా ఉంటుంది.

2010 నుంచి 2012 వరకు అమెరికాలో అనుమతి పొందిన డాబిగట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్‌లతో నెలనెలా రక్తపరీక్ష బాధ తప్పింది. ఆకుకూరల పేచీ కూడా లేదు. మెదడులో రక్తస్రావం వార్ఫరిన్‌తో పోలిస్తే తక్కువ. మూత్రపిండాల పనితీరు చూసి మోతాదు వేయాలి, ఒక పూట మరిచినా రక్షణ సన్నగిల్లుతుంది. మొదట ధర చాలా ఎక్కువ. పేటెంట్లు తీరాక దేశీయ కంపెనీల మాత్రలు వచ్చి అది దిగింది. అయితే తెలుగు జిల్లాల్లో ఇంకా కనిపించే రుమాటిక్ కవాటం జబ్బుకు కొత్తదే మేలన్న నమ్మకం చెల్లలేదు. 24 దేశాల్లో నాలుగున్నర వేల మందికి పైగా రోగులతో జరిగిన ఇన్విక్టస్ పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. అందులో రివరాక్సబాన్ కంటే పాత మందు తీసుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. చవకది, పాతది గెలిచిన అరుదైన సందర్భమిది. అమర్చిన లోహపు కవాటం ఉన్నవారికీ పాత మందే.

లయను సరిచేసే ప్రయత్నాలు పక్కనే మరో దారిలో సాగాయి. 1962లో బెర్నార్డ్ లౌన్ గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చి లయ తెప్పించడాన్ని అందరి పద్ధతిగా మార్చాడు. 1987లో జేమ్స్ కాక్స్ కర్ణిక గోడలను కోసి కుట్టి, ప్రేరణలకు చిక్కుదారి కట్టాడు. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసగేర్ బృందం 45 మంది రోగుల్లో వెతికి, ఈ అలజడి పుట్టుకలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మొదళ్లలోనే ఉందని కనిపెట్టింది. తొడ సిర గుండా తీగ పంపి ఆ మొదళ్లను కాల్చి వేరుచేసే అబ్లేషన్ అక్కడ నుంచి వచ్చిందే. ఈ మధ్యనే కాల్చడానికి బదులు విద్యుత్ పల్స్‌లతో కణాలను చంపే పద్ధతి కూడా అందుబాటులోకి వచ్చింది. అందరికీ ఇదే మార్గమనుకోరాదు. 2002లో అఫర్మ్ పరీక్ష, లయను మందులతో పట్టుకు తేవడం వల్ల, వేగం మాత్రమే తగ్గించడంతో పోలిస్తే ఆయుష్షు పెరగదని తేల్చింది. 2020లో ఈస్ట్ పరీక్ష, జబ్బు కనబడిన తొలి ఏడాదిలోనే లయ దిద్దడం మొదలుపెడితే మేలేనని చూపింది. అబ్లేషన్ చేయించుకున్నా పక్షవాతం ముప్పు ఉన్నవాళ్లు రక్తం పల్చబరిచే మాత్ర మానకూడదు. ఆ ముప్పును వయసు, బీపీ, మధుమేహం, గుండె వైఫల్యం, ముందు వచ్చిన పక్షవాతం లాంటి అంశాలకు మార్కులు వేసి అంచనా కట్టే పద్ధతి 2001లో మొదలై, ఇప్పటికీ సవరణలు పొందుతూనే ఉంది.

ఈ చరిత్రకు సమాంతరంగా మన దేశంలో వైద్యానికయ్యే డబ్బు చరిత్ర ఒకటుంది. 1948 చట్టంతో ఏర్పడిన ఇఎస్ఐ ఫ్యాక్టరీ కార్మికులకు, 1954లో ఢిల్లీలో మొదలైన సీజీహెచ్ఎస్ కేంద్ర ఉద్యోగులకు ఓపీ మందులు కూడా ఇచ్చాయి. మిగతా జనానికి 1986లో ప్రభుత్వ బీమా సంస్థలు మెడిక్లెయిమ్ తెచ్చాయి. దాని రూపకల్పనలోనే ఒక షరతు ఉంది: ఆసుపత్రిలో కనీసం 24 గంటలు అడ్మిట్ అయితేనే డబ్బు. మంచమెక్కితేనే జబ్బన్న ఈ లెక్క గుండెపోటుకు, ఆపరేషన్‌కు సరిపోతుంది. ఏళ్లకేళ్లు మాత్రతో, ఈసీజీతో, ఐఎన్ఆర్‌తో గడిచే జబ్బుకు అది అతకదు. అబ్లేషన్‌కు వెళ్లినప్పుడు ఆ అతుకు సరిపోతుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, తెల్లరేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ప్రైవేటు ఆసుపత్రి తలుపు తెరిచింది. కుంచించుకుపోయిన కవాటాన్ని బెలూన్‌తో తెరవడం, కవాటం మార్చడం దాని జాబితాలో ఉన్నాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు మూలమైన రుమాటిక్ జబ్బు పేదలదే కనుక ఇది చిన్న మేలు కాదు. పథకం తరఫున ఆసుపత్రి వసారాలో కూర్చున్న ఆరోగ్యమిత్ర చేతిలో కార్డు పెట్టి లోపలికి వెళ్లడమన్నది అంతకుముందు ఊహించని మాట. రాష్ట్ర విభజన తర్వాత రెండు చోట్లా పథకం కొనసాగింది. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి.

ప్రైవేటు పాలసీ కొనేవారికి చిక్కు మరోచోట ఉంది. ముందు నుంచి ఉన్న జబ్బుకు కొన్నేళ్లు ఆగాలి. ఈ గరిష్ఠ గడువు చాలాకాలం 48 నెలలు, 2024లో బీమా నియంత్రణ సంస్థ దాన్ని 36 నెలలకు కుదించింది. పాలసీ తీసుకోవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించిన, లేదా వైద్యం పొందిన జబ్బునే ముందటి జబ్బుగా లెక్కిస్తారు. కనుక గుర్తించని దడ ఆ పద్దులోకి రాదు, గుర్తించి దాచిన దడ వస్తుంది. అయిదేళ్లు ఆపకుండా ప్రీమియం కట్టిన పాలసీలో మోసం రుజువైతే తప్ప వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించరాదు. 65 ఏళ్లు దాటినవారికి కొత్త పాలసీ అమ్మకపోవడానికి వయసే కారణమనే వీలూ 2024లోనే పోయింది. వయసుతో పెరిగే జబ్బుకు ఇది సరైన చోట పడిన మార్పే, ప్రీమియం ఎంతన్నది మాత్రం కంపెనీ చేతిలోనే ఉంది.

2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా విస్తరించారు. అడ్మిట్ కాకముందు 3 రోజుల ఖర్చు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు అందులో వస్తాయి. రక్తం పల్చబరిచే మాత్ర పదహారో రోజున కూడా వేసుకోవాలి.