గౌతమి గట్టున ఫ్రెంచివారి వాకిలి

ఎదుర్లంక వైపునుండి గౌతమీ వారధి మీదుగా వచ్చువారికి ఆవలి గట్టున కొబ్బరితోపుల నడుమ యానాం కానవచ్చును. ఈ వారధి 2002లో వచ్చినది. అంతకు మున్ను రేవు దాటవలెనన్న పంటు వచ్చుదాక గట్టున కూర్చుండుటయే గతి. గౌతమినుండి కోరంగి పాయ చీలునట్టి ఆ చోట, ముప్పది చదరపు కిలోమీటర్లకు మించని ఆ నేల, చుట్టును తెలుగుపల్లెలే యుండగా, తెలుగే మాటాడుచు, గోదావరి నీరే త్రాగుచు, రెండు శతాబ్దములకు పైగా ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. నేటికిని దాని పాలన ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల దూరమందున్న పుదుచ్చేరినుండియే సాగుచున్నది. యానాం చరిత్ర యనగానే దొరల పేర్లును, సంధిపత్రముల తేదీలును ఏకరువు పెట్టుట పరిపాటి. నా మనసు మాత్రము ఆ చిన్నవాకిలి గుండ లోనికి వచ్చిన సామాన్యుల మీదికిని, బయటికి పోయి మరల రానివారి మీదికిని పోవుచున్నది.

1723లో ఫ్రెంచివారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. నాలుగేండ్లకే లాభము లేదని విడిచిపోయి, 1731లో తిరిగి వచ్చిరి. వారిని రప్పించినది గోదావరి మండలపు సాలెమగ్గము. దాపుననే ఇంజరమున ఆంగ్లేయులు, కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురమున డచ్చివారు కాచుకొని యుండిరి. మూడు దేశముల వర్తకులు కొలది క్రోసుల మేరలో ఒకే నేతగాని గుమ్మము త్రొక్కుచుండిరన్నమాట. ఐరోపాలో యుద్ధము పుట్టినప్పుడెల్ల యానాం ఆంగ్లేయుల వశమగుట, సంధి కుదిరినప్పుడెల్ల తిరిగి ఫ్రెంచివారికి దక్కుట జరిగినది. 1814 నాటి పారిసు సంధి వలన అది కడపటిసారి వారి చేతికి వచ్చినపుడు కోట కట్టరాదనియు, శాంతిరక్షణకు మించి సైన్యముంచరాదనియు కట్టుబాటయ్యెను. అది మొదలు యానాం ఎవరిని భయపెట్టజాలిన స్థలము కాదు.

ఇచ్చటి అధికారులలో పియేర్ సొన్నెరా యను ప్రకృతిశాస్త్రజ్ఞుని పేరు మరువరానిది. మన యడవులలోని బూడిదవన్నె అడవికోడి శాస్త్రనామమున నేటికిని ఆయన పేరే యున్నది. ఫ్రెంచి విప్లవానంతర యుద్ధములలో ఆంగ్లేయులకు బందీయై, ఆయన 1813 వరకు పుదుచ్చేరిలో చెరయందే మ్రగ్గెను.

బయటికి పోయినవారి కథ ఇంకను బరువైనది. రీయూనియన్ ద్వీపమున బానిసత్వము 1848లో గాని రద్దు కాలేదు. అంతకు ఇరువది యేండ్లు ముందే, 1828-29 ప్రాంతమున, అచ్చటి చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా తెలుగువారిని యానాంనుండి ఓడలెక్కించిరి. ఆంగ్లేయులు మారిషసుకు ఇట్టి కూలీలను పెద్దయెత్తున తరలింప నారంభించిన 1834 కంటె ఇది ముందటి మాట. చెరకు నాటుట, కొట్టుట గోదావరి రైతుకూలీకి క్రొత్త పని కాదు. ఎచ్చటనైనను చెరకు చెరకే కదా యని తలచి ఒప్పుకొని యుండవచ్చును. ఆ ద్వీపవాసులు తెలుగు, తమిళ భేదము పాటింపక దక్షిణదేశపు కూలీలనందరిని 'మలబారు'లనిరి. మలబారు తీరము కంట చూడని గోదావరి బిడ్డ ఓడ దిగిన క్షణమున మలబారు వాడయ్యెను. ఊరు పోయినది, తరతరములకు భాషయు పోయినది. యానాం రేవు చూచినపుడెల్ల నాకు మొదట స్ఫురించునది ఇదియే.

లోనికి వచ్చినవారి కథ ఇరువదవ శతాబ్దమునకు చెందినది. పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదను శారదా చట్టము 1930 ఏప్రిల్ 1న బ్రిటిషిండియాలో అమలునకు వచ్చెను. యానాంకు ఆ చట్టము వర్తింపలేదు. ఇంకేమి! చుట్టుపట్ల జిల్లాల పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని పడవలమీదను, ఎడ్లబండ్లమీదను ఆ యూరికి ప్రయాణము కట్టిరి. అరటిగెలలు, గంగాళములు, సన్నాయివాండ్రు, పురోహితుడు, వారి నడుమ తల్లి యొడిలో నిద్రించు పెండ్లికూతురు: ఊరి పొలిమేర దాటిన పిమ్మట ముడివేసిన పుస్తె నేరము కాదు. నాడు యానాంకు 'కళ్యాణపురము' అను పేరు వచ్చినది. ఆ పేరు చెవికింపుగ నున్నదని మురియుట నాకు సాధ్యము కాదు. దూరదేశములకు కూలీలను తరలించిన వాకిలియే ఇచ్చట పసిబాలికల బాల్యమును హరించెను.

స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే, అక్టోబరు మాసమున, మచిలీపట్టణపు ఫ్రెంచిపేట వంటి చిన్నస్థలములు భారతదేశమునకు దఖలుపడినను, యానాం మరి యేడేండ్లు వేచి యుండవలసివచ్చెను. ఫ్రెంచి కొలువును వీడిన యానాం బిడ్డ దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున 1954 జూన్ 13న స్వచ్ఛందసేవకులు ప్రవేశించి పరిపాలనా భవనముపై త్రివర్ణపతాక మెగురవేసిరి. అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతపు కీళూరు గ్రామమున జరిగిన వోటింగులో 178 మంది ప్రతినిధులలో 170 మంది విలీనము కోరిరి. నవంబరు 1న పాలన చేతులు మారెను. అయినను విలీనపు ఒడంబడిక 1962 ఆగస్టు 16 వరకు ఖాయపడలేదు. ఏడేండ్లకు పైగా జెండా మనదైనను, కాగితముల మీద ఆ నేల ఫ్రాన్సుదే.

నాటి కాగితములు మాసిపోలేదు. జనన, వివాహ, మరణములను ఫ్రెంచిలో నమోదు చేసిన ఆ పుస్తకములలో మన సుబ్బారాయుళ్ళు, సూర్యనారాయణలు క్రొత్త వేషమున కనబడుదురు. ఉకారమునకు ఫ్రెంచివారు రెండక్షరములు వ్రాయుదురు గనుక, ఏ 'సు', ఏ 'రు' వచ్చినను పేరు కొంచెము పొడుగగును. ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొన్న కుటుంబములు ఇప్పటికిని తాతపేరు కొరకు ఆ పుటలు త్రిప్పించును. గుమాస్తా పుట తెరచి ఫ్రెంచి అక్షరములను మెల్లగా తెలుగులో చదివి వినిపించును; ఎదుట నిలుచున్నవాడు తలయూపి, అవును, మా తాతయే యనును.