కాలేయం మీద కత్తి పడిన నాటి నుంచి

కాలేయంలోకి నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం వస్తుంది. గుండె పంపే రక్తంలో ఇది నాలుగో వంతు. అందులో ముప్పాతిక భాగం పేగుల నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చేదే. పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ కణం గోడ దాటి రక్తంలో పడితే ముందుగా చేరేది ఇక్కడికే. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వచ్చినవారిలో పావు వంతు నుంచి సగం మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు కాలేయంలో గడ్డలు బయటపడేది ఇందుకే. ఆ గడ్డలను కోసి తీయాలంటే సర్జన్లు తరతరాలుగా జంకిందీ ఈ రక్తాన్ని చూసే. కాలేయానికి పాకిందని తెలిస్తే ఇంటికి తీసుకెళ్లమనడమే చాలాకాలం వైద్యంగా చెలామణీ అయింది. ఆ మాట మారడానికి వందేళ్లు పట్టింది. హస్తవాసి గల సర్జన్లకు ఆ కీర్తిలో వాటా ఉంది. నా లెక్కలో మాత్రం పెద్ద వాటా ఆపరేషన్‌కు ముందు నెల గురించి, తర్వాతి నెల గురించి తల బద్దలు కొట్టుకున్నవాళ్లది.

కథ 1888తో మొదలుపెట్టడం రివాజు. ఆ ఏడాది బెర్లిన్ సర్జన్ కార్ల్ లాంగెన్‌బుక్, ఒక మహిళ కాలేయం ఎడమ భాగం నుంచి 370 గ్రాముల ముక్కను తీసిన వైనం ప్రచురించాడు. అంతకు ఆరేళ్ల ముందు ప్రపంచంలో తొలిసారి పిత్తాశయం తీసిందీ ఆయనే. ఆ మహిళకు పొట్ట మూశాక లోపల రక్తం కారుతూ ఉండటంతో మళ్లీ తెరవాల్సి వచ్చింది. అయినా ఆమె బతికింది. తర్వాత చాలామందికి ఆ అదృష్టం దక్కలేదు. మెత్తని కాలేయంలో కుట్టు నిలవదు, దారం బిగిస్తే కణజాలమే తెగిపోతుంది.

1908లో గ్లాస్గో సర్జన్ జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ చాలా చిన్న ఉపాయం చెప్పాడు. కాలేయంలోకి రక్తం తెచ్చే నాళాలన్నీ ఒకే చోట, ఒక కాడలో కలిసి వస్తాయి. ఆ కాడను రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుంటే కాసేపు రక్తం ఆగుతుంది. ప్రమాదాల్లో కాలేయం చితికి ఆయన దగ్గరికొచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లెవరూ బతికి బయటపడలేదు. పద్ధతి మాత్రం బతికింది. పదిహేను నిమిషాలు బిగించి, ఐదు నిమిషాలు వదలడం అనే లయతో నేటికీ ఆపరేషన్ థియేటర్లలో అది ఆయన పేరుతోనే నడుస్తోంది.

రక్తం ఆపడం ఒక ఎత్తు, ఎక్కడ కోయాలో తెలియడం మరో ఎత్తు. పైకి కనిపించే స్నాయువును బట్టి కుడి, ఎడమ అని విడదీసిన పాత పటాలు తప్పని, అసలు గీత పిత్తాశయం మీదుగా వెళ్తుందని 1898లో జేమ్స్ కాంట్లీ చూపించాడు. లోపలి నాళాల దారిని పూర్తిగా చూడాలని పట్టుబట్టినవాడు హనోయ్‌లోని టోన్ థాట్ టుంగ్. ఫ్రెంచి వలస పాలనలో చదువుకున్న ఈ వియత్నాం యువకుడు 1930లలో దాదాపు రెండు వందల శవాల కాలేయాలను గీకి గీకి, మాంసం తీసేసి నాళాలు మిగిల్చి, 1939లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. నాళాలు తెలిసిన చేతికి కత్తితో పనేముందని, కాలేయాన్ని వేళ్లతో చిదిమి, తగిలిన నాళాన్ని తగిలినట్టే ముడివేసే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత ఫ్రెంచివారిపై పోరాడుతున్న వియత్ మిన్‌తో అడవుల్లోకి వెళ్లి యుద్ధకాలపు ఆస్పత్రులు నడిపాడు. ఆయన పద్ధతి లాన్సెట్ పత్రికకు ఎక్కేసరికి 1963 వచ్చింది. ఈలోగా పారిస్‌లో క్లాడ్ క్వీనో కాలేయ నాళాల్లో ప్లాస్టిక్ ద్రవం నింపి అచ్చులు తీసి, 1957లో కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా పంచాడు. మన ఊళ్లోని స్కాన్ రిపోర్టులో ‘సెగ్మెంట్ 6’ అని కనిపిస్తే అది ఆయన లెక్కే. ఈ రంగం చరిత్రలో టుంగ్‌కు దక్కాల్సిన పేజీలు ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

ఇవన్నీ కోత గురించిన సంగతులు. పాకిన క్యాన్సర్‌కు ఈ కోత పనికొస్తుందా అన్నది వేరే తగువు. అమెరికాలో లేహీ క్లినిక్ సర్జన్ రిచర్డ్ కాటెల్ 1940లోనే మలాశయం నుంచి కాలేయానికి పాకిన గడ్డను తీశాడు. తర్వాత మూడు దశాబ్దాలు అలాంటివి అక్కడొకటి, ఇక్కడొకటి. 1970లలో సర్జన్ జేమ్స్ ఫాస్టర్ ఆస్పత్రుల రికార్డులన్నీ పోగేసి చూస్తే, పెద్ద కాలేయ ఆపరేషన్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు చనిపోతున్నారని తేలింది. 1989లో కూడా బోస్టన్‌లోని విలియం సైలెన్ వంటి పెద్ద సర్జన్ ఈ ఆపరేషన్‌ ప్రయోజనమే అనుమానాస్పదమని బాహాటంగా రాశాడు. ఆయన పట్టిన తప్పు అబద్ధం కాదు. చేసినవారిని, చేయనివారిని చీటీలేసి పోల్చిన పరీక్ష ఏదీ అప్పటికి లేదు. వచ్చినదల్లా లెక్కలే. 24 ఆస్పత్రుల నుంచి 859 మందిని చేర్చిన పట్టికలో ఐదేళ్లు బతికినవారు 33 శాతం. 1999లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ నుంచి యుమన్ ఫాంగ్ బృందం 1,001 మంది వివరాలిచ్చింది: ఆపరేషన్ వల్ల పోయినవారు 2.8 శాతం, ఐదేళ్లు బతికినవారు 37 శాతం. ఏడాది గడవడమే గగనమనుకున్న జబ్బుకు ఈ అంకెలు చూశాక తగువు చాలావరకు సద్దుమణిగింది.

ఐదుగురిలో ఒకరు పోయే చోట నూటికి ముగ్గురికి తగ్గడం వెనక ఒక మత్తు డాక్టరు నిర్ణయమూ ఉంది. రక్తం పోతుందన్న భయంతో ముందే సెలైన్ ఎక్కించడం అంతకుముందు ఆనవాయితీ. 1990లలో దాన్ని తిరగేశారు. సిరల్లో ఒత్తిడి తగ్గేలా, కోత పూర్తయ్యేదాకా రోగిని కాస్త పొడిగా ఉంచారు. కాలేయం వెనక సిరలు ఉబ్బకపోతే తెగినా కారేది తక్కువ. రోగి ఎన్నడూ పేరు వినని మనిషి చేసిన ఈ పని ఎన్ని ప్రాణాలు నిలిపిందో!

రక్తం అదుపులోకి వచ్చాక మరో హంతకుడు బయటపడ్డాడు. ఆపరేషన్ దివ్యంగా జరుగుతుంది, వారానికి రోగి పసుపుపచ్చబడి మగతలోకి జారతాడు. మిగిలిన కాలేయం చాలలేదన్నమాట. గ్రీకుల ప్రొమీథియస్ కథలో గద్ద తిన్న కాలేయం తెల్లారేసరికి పెరిగినట్టు, నిజం కాలేయమూ పెరుగుతుంది. మూడింట రెండు వంతులు తీసినా ఎలుకలో తిరిగి పెరుగుతుందని హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు 1931లోనే చూపించారు. కోసిన ముక్క మొలవదు, మిగిలినదే ఉబ్బి పరిమాణం అందుకుంటుంది. మనిషిలో అందుకు వారాలు, నెలలు పడుతుంది. ఈలోపు పని నడవాలి. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో కనీసం 20 శాతం, ఎక్కువ కీమో తిన్నదైతే 30, గట్టిపడిందైతే 40 మిగలాలన్నది నేటి లెక్క. జపాన్‌లో మకూచి అనే సర్జన్ 1980లలో ఈ లెక్కను తనవైపు తిప్పుకున్నాడు. తీసేయబోయే భాగానికి పోర్టల్ రక్తాన్ని ముందే మూసేస్తే, ఉండబోయే భాగం నెల రోజుల్లో పెరుగుతుంది, అప్పుడు కోస్తే సరి. 2007లో జర్మనీలోని రీజెన్స్‌బర్గ్‌లో కాలేయాన్ని చీల్చి వదిలేసి, వారం దాటాక మిగతాది తీసే పద్ధతి పుట్టింది. తొమ్మిది రోజుల్లో 74 శాతం పెరుగుదల అని 2012లో వ్యాసం రాగానే ప్రపంచమంతా ఎగబడింది. తొలి 25 మందిలో ముగ్గురు చనిపోయారన్న వాక్యాన్ని మాత్రం ఆ ఉత్సాహంలో చాలామంది నిదానంగా చదవలేదు.

కీమో ఇంకో తలుపు తెరిచింది. మొదట్లో ఆపరేషన్‌కు లొంగవన్న గడ్డలు మందుతో కుంచించుకుపోతే కోయవచ్చని 1996లో పారిస్‌లో హెన్రీ బిస్మత్ బృందం 330 మంది అనుభవంతో చెప్పింది. వారిలో 53 మందికి ఆ అవకాశం దొరికింది, వారిలో 40 శాతం ఐదేళ్లు బతికారు. ఆ కీమోలో ఫ్లోరోయురాసిల్ అనే మందుకు బలమిచ్చేది ఫోలినిక్ యాసిడ్. దాని మాతృక అయిన ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే మందు కాలేయాన్నీ వదలదు. ఆక్సాలిప్లాటిన్ వల్ల రక్తం నిండి నీలిరంగు తేలుతుంది, ఇరినోటెకాన్ వల్ల కొవ్వు పట్టి వాస్తుంది. చివరి కీమోకూ కోతకూ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమనేది అందుకే.

ఆ ఆగే వారాలనే ఇప్పుడు చికిత్సగా మార్చారు. లివర్‌పూల్‌లో కాలేయ ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు రోగులతో వ్యాయామ సైకిల్ గట్టిగా తొక్కించి చూసి, వారి దమ్ము పెరిగిందని 2016లో ప్రచురించారు. మనకు సైకిల్ యంత్రమే అక్కర్లేదు, ఆయాసం వచ్చేలా రోజూ అరగంట నడక, మెట్లు ఎక్కడం చాలు. పొగ, మద్యం మానాలి. షుగరు అదుపులో ఉండాలి. కిలో బరువుకు గ్రామున్నర దాకా మాంసకృత్తులు అందాలి. ఆపరేషన్ ముందు రాత్రి నుంచే పచ్చి మంచినీళ్లు ముట్టనివ్వని పాత పద్ధతి పోయింది, రెండు గంటల ముందు దాకా నీళ్లు తాగవచ్చు.

ఆపరేషన్ తర్వాతి కథను తిరగరాసింది డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్. 1990లలో పేగు రోగులతో మొదలుపెట్టి, నొప్పి తగ్గించి, గొట్టాలు త్వరగా తీసి, మర్నాడే తినిపించి నడిపించాడు. 2008లో ఐరోపాలో కాలేయ రోగులకు ఇదే వర్తింపజేస్తే ఆస్పత్రి బస ఎనిమిది రోజుల నుంచి ఆరుకు తగ్గింది. తొలి రోజుల్లో బిలిరుబిన్ కాస్త పెరగడం, రక్తంలో ఫాస్ఫేట్ పడిపోవడం మామూలే. కాలేయం పెరుగుతూ దాన్ని వాడేసుకుంటుంది. ఐదో రోజుకూ బిలిరుబిన్ దిగకపోతేనే డాక్టర్ల మొహాలు మారతాయి. గొట్టంలో పైత్యం రావడం, జ్వరం చూసుకోవాల్సినవి. ఇంటికొచ్చాక రక్తం గడ్డకట్టకుండా నాలుగు వారాల దాకా పొట్టలో సూది, ఆరు వారాలు బరువులెత్తకపోవడం, రెండు నెలల పాటు చెప్పలేని నీరసం.

మన ఇళ్లలో దెబ్బతినేది ఇక్కడే. రోగిని మంచం దిగనివ్వకపోవడం ప్రేమ అనుకుంటాం. పప్పు తింటే చీము పడుతుందని, కండ పెరగాల్సిన మనిషికి చారన్నంతో నెల గడిపేస్తాం. లివర్‌కు మంచిదని పసరు పోస్తాం, తిప్పతీగ కషాయం కాస్తాం. తిప్పతీగ వల్ల కాలేయం వాచిన కేసులను కోవిడ్ కాలంలో మన దేశపు డాక్టర్లే ప్రచురించారు. అన్నిటికంటే పెద్ద తప్పు, జబ్బు పేరే రోగికి చెప్పకపోవడం. గడ్డ తీస్తున్నారంతే అని నమ్మించిన మనిషి నెల రోజులు ఆయాసపడుతూ ఎందుకు నడుస్తాడు?

దాచకూడని నిజం ఇంకొకటి. ఆపరేషన్ అయినవారిలో మూడింట రెండు వంతుల మందికి జబ్బు మళ్లీ తలెత్తుతుంది, కొందరికి రెండోసారీ కోస్తారు. స్లోన్ కెటరింగ్‌లో ఆపరేషన్ అయిన 612 మందిని పదేళ్లు వెంటాడి చూస్తే 102 మంది నిలబడ్డారని 2007లో తేలింది. ఆరుగురిలో ఒకరు. 2024లో ఫ్రాన్స్ నేతృత్వంలోని పరీక్ష, కోయడానికి వీలులేని కొద్దిమందికి కాలేయ మార్పిడి చేస్తే ఐదేళ్లు బతికినవారు 57 శాతం, కీమో ఒక్కటే ఇస్తే 13 శాతం అని చూపింది.

అందుకే ఒక విన్నపం. మీ ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిందంటే, కీమో మొదటి సీసా ఎక్కకముందే స్కాన్ సీడీని కాలేయ ఆపరేషన్లు రోజూ చేసే సర్జన్‌కు ఒకసారి చూపించండి. మందుతో స్కాన్‌లో మాయమైన గడ్డల్లో 83 శాతం చోట్ల క్యాన్సర్ ఇంకా మిగిలి ఉందనో, మళ్లీ వచ్చిందనో 2006లో ఫ్రెంచి సర్జన్లు లెక్కతేల్చారు. గడ్డ మొదట ఎక్కడ ఉందో చూసిన సర్జనే, అది కనిపించకుండా పోయాక కూడా అక్కడ కోయగలడు.