చలిమంట ఆర్పడం మనం ఎప్పుడు మర్చిపోయాం? ఏలూరు, గూడెం, కొల్లేరు కథ



చలికాలం వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే క్యాంప్‌ఫైర్ వీడియోలే. అరకులో టెంటు, మారేడుమిల్లిలో రిసార్టు, మధ్యలో మంట, పక్కన గిటారు. ఇంగ్లీషు పేరు తగిలించేసరికి ఇదేదో బయట నుంచి వచ్చిన సరదా అనిపిస్తుంది. మనకి చలిమంట ఉంది కదండీ. కుప్పల దగ్గర కాపలా పడుకున్న రైతు వేసుకున్నది అదే, బస్టాండు బయట రిక్షావాళ్ళు వేసుకున్నదీ అదే. దాన్ని ఎలా వేయాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఎలా ఆర్పాలో చెప్పేది నాకు ఒక్కటీ కనపడలేదు. కానీ మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పల్లెల చరిత్ర చూస్తే, నిప్పు విషయంలో అసలు విద్య అంతా అక్కడే ఉంది.

ముందు ఒక మాట చూద్దాం. నివురుగప్పిన నిప్పు. న్యూస్ చానెళ్ళలో వారానికోసారి వింటాం, ఫలానా ఊళ్ళో పరిస్థితి నివురుగప్పిన నిప్పులా ఉందని. మనకి అదొక పోలిక. మన తాతమ్మల కాలంలో అది రోజూ రాత్రి చేసే పని. వంట అయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని ఒక దగ్గరికి లాగి, మీద బూడిద కప్పి పడుకునేవారు. పొద్దున్నే బూడిద పక్కకి తీసి, నాలుగు చితుకులు పెట్టి, ఊదుగొట్టంతో ఊదితే మళ్ళీ మంట. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే ఇది షట్‌డౌన్ కాదు, స్లీప్ మోడ్. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంత కష్టపడి నిప్పు దాచుకోవడం? అగ్గిపుల్ల లేదు కాబట్టి. అగ్గి పుట్టించాలంటే చెకుముకి రాయి కావాలి. ఇనప ముక్కతో ఆ రాయిని కొడితే నిప్పురవ్వలు రాలతాయి, వాటిని దూదిలోనో ఎండిన పీచులోనో పట్టి మెల్లగా ఊదాలి. చెకుముకి పేరుతో జన విజ్ఞాన వేదిక వాళ్ళ పిల్లల సైన్సు పత్రిక ఉంది, మీలో చాలామంది ఆ టాలెంట్ టెస్ట్ రాసే ఉంటారు. ఆ పేరు ఈ రాయిదే. తేమగా ఉండే మన డెల్టా గాలిలో, మంచు పడే తెల్లవారుజామున, ఆ పీచు అంటుకోవడం మాటలు కాదు. ఇంగ్లండులో జాన్ వాకర్ రుద్దితే మండే అగ్గిపుల్లని అమ్మడం మొదలుపెట్టింది 1827లో. మనకి ముందు స్వీడన్ పెట్టెలు ఓడల్లో దిగాయి, తర్వాత 1920ల్లో శివకాశి మొదలైంది. అది మన పల్లెల్లో మామూలు సరుకు అయ్యేదాకా దారి ఒక్కటే, పక్కింటికి వెళ్ళి నిప్పు తెచ్చుకోవడం. పిడక ముక్క మీదనో, పెంకు మీదనో ఓ కణిక పెట్టించుకుని వచ్చేసేవారు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఒకడు. ఈ సామెతని మనం స్వార్థపరుల మీద వాడతాం. చరిత్రగా చదివితే అందులో రెండు సంగతులు దొరుకుతాయి. ఒకటి, నిప్పు అడిగి తెచ్చుకోవడం ఎంత మామూలో. రెండు, ఇల్లు కాలడం ఎంత మామూలో. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు... లెక్కపెట్టండి, ఎన్ని సామెతల్లో మన ఇల్లు కాలుతోందో. డాబా ఇళ్ళలో పుట్టే సామెతలు కావివి. తాటాకు చూరు కింద పుట్టినవి.

ఇప్పుడు మ్యాపు చూడండి. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా వెళ్ళే రైలు పట్టాలు దాదాపుగా ఒక సరిహద్దు గీత. ఉత్తరాన చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు మెట్ట, ఆ పైన అడవి. దక్షిణాన కాలువలు, వరి చేలు, కొల్లేరు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. కాలువలు వచ్చాక ఈ దక్షిణ భాగమంతా వరి అయిపోయింది. అన్నానికి కొదవ లేదు, కట్టెలకి మాత్రం కటకట. మెట్ట నుంచి పుల్లలు కొనుక్కోవాలి, లేదా దొరికినదాన్ని కాల్చుకోవాలి. దొరికేది ఏంటి? పేడ పిడకలు, తాటి మట్టలు, కొబ్బరి కమ్మలు, ఊక, గట్ల మీద నల్లతుమ్మ. అమెరికన్ సినిమాల్లో క్యాంప్‌ఫైర్‌లో తొడంత దుంగలు పడేస్తారు చూడండి, అలాంటి దుబారా మన డెల్టా రైతుకి కలలో కూడా రాదు. మన చలిమంట చిన్నది. దగ్గరగా ముడుచుకుని కూర్చుంటే సరిపోయేంత.

పిడకల మంట వేయడంలో ఓ ఒడుపు ఉంది. పిడకల్ని పడుకోబెట్టి పేరిస్తే పొగే తప్ప మంట రాదు. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాలి, మధ్యలో గాలి ఆడాలి, అడుగున కొబ్బరి పీచో, ఎండు మట్టల చీలికలో ఉండాలి. బీటెక్‌లో చదివిన ఫైర్ ట్రయాంగిల్ ఇదే: ఇంధనం, గాలి, వేడి. పుల్లని లోపలికి నెట్టడాన్ని ఎగదోయడం అంటాం. ఆ మాట ఇప్పుడు మనుషుల్ని రెచ్చగొట్టడానికే మిగిలింది, అది వేరే సంగతి.

దీనికి పూర్తి వ్యతిరేకం దాలి. ఈ మాట వినని వాళ్ళు ఉంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. పెరట్లో ఓ మూల చిన్న గుంట, అందులో పిడకలు, పైన ఊక, దాని మీద పాలకుండ. మంట కనపడదు. పొద్దుట పెడితే సాయంత్రం దాకా కుములుతూనే ఉంటుంది, పాలు ఎర్రగా కాగి మందంగా మీగడ కడుతుంది. చల్లారిన దాలిగుంటలో కుక్క పడుకుంటుంది. ఎంత గాలి ఇవ్వాలి, ఎంత బూడిద కప్పాలి అనే లెక్క ఆ ఆడవాళ్ళ చేతుల్లో ఉండేది. ఎవరూ ఎక్కడా రాయలేదు.

నివురు ఏం చేస్తుందంటే, నిప్పుకి గాలి తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. పైగా బూడిద మంచి ఇన్సులేటర్, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. అందుకే పైన చూస్తే తెల్లగా, చల్లగా ఉంటుంది, లోపల కణిక ఎర్రగా ఉంటుంది. గంటల తరబడి, పెద్ద మంట అయితే మర్నాటి దాకా కూడా.

ఇది మనవాళ్ళకే తెలిసిన విద్య అనుకోకండి. కర్ఫ్యూ అనే మాట పాత ఫ్రెంచిలో నిప్పు కప్పడం అనే అర్థం నుంచి వచ్చింది. మధ్యయుగాల యూరప్ ఊళ్ళలో రాత్రి గంట కొడితే ఎవరి పొయ్యి వాళ్ళు కప్పేయాలి. కొయ్య ఇళ్ళు కదా. లండన్‌లో 1666 సెప్టెంబరు 2న పుడ్డింగ్ లేన్‌లోని ఒక రొట్టెల దుకాణంలో నిప్పు లేచి నాలుగు రోజులు ఊరిని తినేసింది. పొయ్యి ఆర్పే పడుకున్నానని ఆ దుకాణదారు చివరిదాకా వాదించాడు.

మన దగ్గర భయం వేసవిది. మే నెలలో పడమటి గాలి మొదలైతే తాటాకు కప్పు పేలాల్లా ఎండిపోయి ఉంటుంది. ఒక్క రవ్వ లేస్తే ఒక ఇంటితో ఆగదు, గాలివాటున వరసంతా పోతుంది. అప్పుడు చేయగలిగింది రెండే: పక్క ఇళ్ళ మీద తడి గోనెలు పరవడం, లేదా వరసలో ముందున్న ఇంటి కప్పు మనమే లాగేసి ఖాళీ చేయడం. కాలని ఇంటిని కూల్చమని ఎవరు చెప్తారు, ఎవరు ఒప్పుకుంటారు? ఆలోచించండి. ఇదంతా ఎప్పటిదో అనుకోవద్దు. 2016 ఏప్రిల్‌లో బీహార్ ప్రభుత్వం పల్లెల్లో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా పొయ్యి వెలిగించొద్దని ఆదేశం ఇచ్చింది. ఆ వేసవి మంటల్లో పదుల మంది పోయారు. పూరిల్లు, ఎండ, పడమటి గాలి. మన పాత లెక్కే.

ఇంత భయం ఉన్న ఊళ్ళోనే ఏడాదికి ఒక్కసారి నడివీధిలో నిలువెత్తు మంట వేయడానికి అందరూ ఒప్పుకున్నారు. భోగి. ఎందుకు ఒప్పుకున్నారో నాకు తోచిన మాట చెప్తాను, ఇది నా ఊహ మాత్రమే. జనవరి నడుమ, తెల్లవారుజాము. గాలి దాదాపు ఉండదు. రాత్రంతా మంచు కురిసి చూరులు తడిసి ఉంటాయి. ఊరంతా మేలుకుని అక్కడే నిలబడి ఉంటుంది. మంట మీద నీళ్ళకాగు కూడా ఉంటుంది, పిల్లల తలంట్లకి. కావాలని చూసినా పెద్ద మంటకి అంతకంటే మంచి గడియ దొరకదు. దొంగతనంగా ఎత్తుకొచ్చిన పక్కింటి నులకమంచం సంగతి అంటారా, దానికి నా దగ్గర సైన్సు లేదు.

మరి మర్చిపోవడం ఎప్పుడు మొదలైంది? ఒక తేదీ చెప్పలేం గానీ మెట్లు కనపడతాయి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత పక్కా ఇల్లు అనే మాట రాజకీయంలోకి గట్టిగా వచ్చింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. తాటాకు పోయి పెంకు, పెంకు పోయి డాబా. 1999లో దీపం పథకం గ్యాస్ బండని పల్లెలోకి తెచ్చింది. ఇవన్నీ మంచి మార్పులే. పొగలో దగ్గుతూ వండిన ఆడవాళ్ళని అడిగితే చెప్తారు, నాకు ఆ రోజుల మీద బెంగ లేదు. కానీ నా ఈడు వాళ్ళం గ్యాస్ లైటర్‌తో పెరిగాం. నాబ్ తిప్పితే ఆరిపోయేదే నిప్పు అని మా చేతులు నేర్చుకున్నాయి. కట్టెకి నాబ్ ఉండదు.

భోగి నాడు చూడండి. పిడకల దండ ఆన్‌లైన్‌లో వస్తోంది, మంటలోకి టైరు, ప్లాస్టిక్ కుర్చీ వెళ్తున్నాయి. చెత్తని బహిరంగంగా కాల్చొద్దని, కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని 2016 డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. దానికంటే నన్ను భయపెట్టేది పెట్రోలు సీసా. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. అగ్గిపుల్ల గీసేలోపు మీ పాదాల దగ్గరికి వచ్చేసి ఉంటుంది. నైలాను చీర కొంగు, సింథటిక్ ట్రాక్ ప్యాంటు కాలడమే కాదు, కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు బట్ట కట్టుకుని, పీచుతో ఓపిగ్గా రాజేయండి. ఇంకోటి, చలిగా ఉందని మిగిలిన నిప్పుల్ని కుంపట్లో వేసుకుని తలుపులు మూసిన గదిలో పెట్టుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

ఇక కొల్లేరు. డిసెంబరు, జనవరిలో ఆటపాక పెలికాన్లు చూడ్డానికి ఏలూరు నుంచి, కైకలూరు నుంచి బైకుల మీద బయల్దేరతాం. చెరువు గట్టు మీద చీకటి పడితే ఎవరో ఒకరు అంటారు, చిన్న మంట వేద్దాం రా అని. చుట్టూ ఉన్నది కిక్కిస గడ్డి. పచ్చగా ఉన్నంతకాలం సరే, ఎండిందా, తాటాకుతో సమానం. లంక గ్రామాల వాళ్ళు ఒకప్పుడు దాన్నే పాకల మీద కప్పుకునేవారు, వాళ్ళకి దాని సంగతి తెలుసు. పక్కన నీళ్ళున్నాయి కదా అనుకుంటాం గానీ, గడ్డి నీటికి పైన కాలుతుంది. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు, 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడమే కాదు, మండుతున్న నిప్పుని వదిలి వెళ్ళడం కూడా నేరం. చట్టం రాసినవాళ్ళకి నివురు సంగతి బాగానే తెలుసన్నమాట. అందుకని కొల్లేరులో మంట ఆలోచనే వద్దు. వేసుకోవాలంటే మీ కళ్ళంలో, మీ పెరట్లో, గడ్డిమేటుకి దూరంగా, గాలివాటు చూసుకుని, చుట్టూ గడ్డి చెక్కేసి వేసుకోండి.

వెళ్ళేటప్పుడు అందరూ చేసే పని ఒకటుంది. కాలితో ఇంత మట్టి నెట్టి, ఆరిపోయిందిలే అని వెళ్ళిపోతారు. మన తాతమ్మ నిప్పు దాచడానికి చేసిన పని అదే కదా! ఆవిడ కావాలని స్లీప్ మోడ్‌లో పెట్టింది, మనం షట్‌డౌన్ చేశాం అనుకుని వదిలేస్తున్నాం. ఇసుక కప్పితే ఇంకా ఘోరం, కింద నిప్పులున్నట్టు కనపడదు, పొద్దున్నే ఆడుకోడానికి వచ్చిన పిల్లాడు చెప్పుల్లేకుండా దాని మీద కాలు వేస్తాడు. కాబట్టి మంట వెలిగించకముందే రెండు బిందెల నీళ్ళు పక్కన ఉండాలి. లేచే ముందు కొరివులు విడదీసి, ఒడ్డు నుంచి మధ్యకి మెల్లగా నీళ్ళు పోయాలి, ఒక్కసారిగా కుమ్మరిస్తే వేడి ఆవిరి, బూడిద మొహాన కొడతాయి. కర్రతో అడుగుదాకా కలపాలి. మళ్ళీ పోయాలి. బుస్సుమనడం ఆగాక, చేతి వెనక వైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో బిందె.