చట్టం లెక్కకు రాని కాపురాలు

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు వైపు పల్లెల్లో నటి సావిత్రి మాట ఎత్తితే పెద్దవాళ్లు ముందు ఆమె నటన గురించి మాట్లాడరు, కాపురం గురించి మాట్లాడతారు. ‘‘ఎంత సంపాదించి ఏం లాభం, మొగుడి సుఖం లేకపాయె’’ అని ఒకరంటే, ‘‘చేజేతులా పోగొట్టుకుంది’’ అని మరొకరు. 2018లో ఆమె జీవితం మీద ‘మహానటి’ సినిమా వచ్చాక కుర్రవాళ్లూ ఇదే మాట అందుకున్నారు. నాకు మాత్రం ఇందులో తలరాత కన్నా ఆనాటి మద్రాసు సినిమా లోకంలో పెళ్లిళ్లు జరిగిన తీరే ఎక్కువ కనిపిస్తుంది.

సావిత్రి కన్నా ముందు నటి పుష్పవల్లి ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడు అమ్మాయి. 1942 నాటి ‘బాలనాగమ్మ’లో సంగు వేషంతో పేరు తెచ్చుకుంది. మొదటి పెళ్లి నిలవలేదు. 1947లో ‘మిస్ మాలిని’లో కథానాయిక ఆమే. అందులో చిన్న వేషంతో తెరకెక్కిన కుర్రవాడు జెమిని గణేశన్. అతనికి 1940లోనే అలమేలుతో పెళ్లయింది. పుష్పవల్లికి అతని వల్ల ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెద్దమ్మాయే హిందీ తార రేఖ. తాళి మాత్రం పడలేదు.

ఆ కాలంలోనే మరో నటి పి. భానుమతి కథ వేరేగా నడిచింది. 1943లో పి. ఎస్. రామకృష్ణారావును ఇష్టపడి చేసుకుంది. ఇద్దరూ కలిసి భరణీ పిక్చర్స్ పెట్టారు. కాపురమూ కంపెనీ ఒకే కప్పు కింద నిలిచాయి. ‘మిస్సమ్మ’ సినిమాలో మొదట కథానాయిక మేరీ వేషం ఆవిడదే. కొన్ని రీళ్లు తీశాక నిర్మాత చక్రపాణితో మాటామాటా వచ్చి తప్పుకుంది. వేషం పోయినా నిలదొక్కుకోగల బలం ఆమెకుంది. ఆ వేషం చేతికందిన సావిత్రికి అలాంటి అండ లేదు. పసితనంలోనే తండ్రి గురవయ్య పోతే గుంటూరు జిల్లా చిర్రావూరు విడిచి పెద్దమ్మ ఇంట, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకటరామయ్య చేతుల్లో పెరిగిన పిల్ల.

జెమిని స్టూడియోలో వేషం కోసం వెళ్లినప్పుడు ఆమెను ఫొటో తీసింది గణేశనే అంటారు. 1952లో మూడో కంటికి తెలియకుండా ఇద్దరికీ పెళ్లయింది. మరుసటేడు ఇద్దరూ నాయికానాయకులుగా వచ్చిన తమిళ సినిమా పేరు ‘మనం పోల మాంగల్యం’. లక్స్ సబ్బు ప్రకటనలో ‘సావిత్రి గణేశ్’ అని సంతకం చేయడంతో గుట్టు బయటపడింది.

హిందూ మగవాడికి భార్య బతికుండగా మరో పెళ్లి చెల్లదని మద్రాసు రాష్ట్రం 1949లోనే చట్టం చేసింది. విడాకుల హక్కునూ అదే చట్టం ఇచ్చింది. నెల్లూరు అప్పటికి ఆ రాష్ట్రంలోదే కనుక మన పల్లెలకూ అది వర్తించింది. కానీ చట్టం కాగితం మీద ఉండిపోయింది, గుళ్లో మంగళసూత్రాన్నే జనం పెళ్లిగా లెక్కేశారు. సావిత్రి చిక్కంతా ఇక్కడే మొదలైందని నా నమ్మకం. మెడలో తాళి ఉంది, ఆ తాళికి చట్టం అండ లేదు.

దీన్ని ఇంగ్లండు నటి వివియన్ లీ జీవితం పక్కన పెట్టి చూడండి. డార్జిలింగ్‌లో 1913లో పుట్టిన ఈ తార 1932లో లీ హోల్మన్ అనే బారిస్టరును చేసుకుంది. తర్వాత లారెన్స్ ఒలివియర్ మీద మనసుపడింది. అతనికీ భార్య ఉంది. రెండు విడాకులూ పూర్తయ్యాకే 1940 ఆగస్టులో పెళ్లి చేసుకోగలిగారు. మనోవ్యాధి ఆమెను పీడించింది, 1960లో ఆ బంధమూ తెగింది, 1967లో క్షయతో పోయింది. ఆమె కూడా సుఖపడలేదు. అయితే ఎప్పుడు ఎవరి భార్యో, ఎప్పటినుంచి కాదో కోర్టు కాగితం చెప్పింది. సావిత్రికి ఆ మాత్రం తెగతెంపులూ దక్కలేదు.

తెర మీద మాత్రం ఆమె బతుకంతా పెళ్లిళ్లే. ‘దేవదాసు’లో పార్వతి ముసలి జమీందారు ఇల్లాలవుతుంది. ‘మిస్సమ్మ’లో ఉద్యోగం కోసం దొంగ మొగుడూపెళ్లాల నాటకం. ఆ సినిమాలో అప్పు అడ్డం పెట్టుకుని మేరీని పెళ్లాడాలని వెంటబడే డేవిడ్, మన జిల్లా జగదేవిపేట రమణారెడ్డి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపమెత్తి పెళ్లిపీటల మీద కూర్చుంటాడు. అప్పుడు సావిత్రి చేసే పని చూడాలి. వంచిన తల అలాగే ఉంటుంది, నడకలోకి ఒక్కసారిగా మగ విసురొస్తుంది, కనుబొమ ఎగురుతుంది, మరుక్షణం మళ్లీ సిగ్గులమొగ్గ. ఒక ఒంట్లో ఇద్దరు మనుషుల్ని అంత తేలిగ్గా చూపిన నటి మనకు మళ్లీ రాలేదు.

1968లో ‘చిన్నారి పాపలు’తో దర్శకురాలైంది. ‘మూగమనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’గా స్వయంగా నిర్మించి 1971లో విడుదల చేస్తే అప్పులు మిగిలాయి. కాపురం అప్పటికే చెదిరింది. తాగుడు, చక్కెర జబ్బు, ఆదాయపన్ను బకాయిలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1980 మేలో బెంగళూరులో స్పృహ తప్పి, పందొమ్మిది నెలలు అలాగే ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. తాగుడొక్కటే పట్టుకుని ఆమెను తూచేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

చట్టం నెమ్మదిగా కదిలింది. 1955 హిందూ వివాహ చట్టం జమ్మూకశ్మీర్ మినహా దేశమంతటా రెండో పెళ్లిని చెల్లదంది. 1976 సవరణ అలాంటి పెళ్లిలో పుట్టిన పిల్లలకు చట్టబద్ధత ఇచ్చింది. 2023లో సుప్రీంకోర్టు, తల్లిదండ్రులకు ఉమ్మడి ఆస్తిలో వచ్చే వాటాలోనూ ఆ పిల్లలకు హక్కుందని తేల్చింది. చెల్లని పెళ్లిలోని భార్య కూడా శాశ్వత భరణం అడగవచ్చని 2025 ఫిబ్రవరిలో చెప్పింది. మన మండలంలో ఏ ఆడమనిషైనా ఇలాంటి చిక్కులో ఉంటే నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. ఆడవాళ్లకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.