సిరల్లో చీముపట్టే రక్తపు గడ్డలు

సిర గోడ వాచి, అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలో సూక్ష్మజీవులు చేరడాన్ని వైద్యులు సెప్టిక్ థ్రాంబోఫ్లెబైటిస్ అంటారు. మామూలు గడ్డకంటే ఇది మొండిది. తునకలుగా విడిపోయి, రక్తంతో పాటు ఊపిరితిత్తులకు చేరి, అక్కడా చీము పట్టిస్తుంది. ఏ సిరలో పుట్టిందన్న దాన్నిబట్టి దీని రకాలు, పేర్లు.

చేతి సిరను కోసి రక్తం తీయడమే వైద్యంగా చెల్లిన రోజుల్లో, ఆ గాటు దగ్గర మొదలైన వాపు సిర వెంట పాకడాన్ని లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ గమనించి, 18వ శతాబ్దం చివర్లో రాసిపెట్టాడు. గడ్డలోంచి తునకలు విడివడి దూరాన ఎలా ఇరుక్కుంటాయో తేల్చింది మాత్రం 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో.

ఈ జబ్బు రకాలన్నిటిలో బాగా పేరుపడ్డది మెడలో వచ్చేది. 1936లో పారిస్ వైద్యుడు ఆంద్రే లెమియెర్ ‘లాన్సెట్’ పత్రికలో 20 మంది రోగుల సంగతి రాశాడు. అందులో 18 మంది దక్కలేదు. సాధారణంగా ఇది పడుచువాళ్ల జబ్బు. మొదట గొంతు నొప్పి. అది తగ్గుతోందనుకునే వేళకు ఒళ్లు వణికించే చలిజ్వరం, మెడకు ఒకవైపు వాపు, ఆపైన ఛాతీలో పోటు, ఆయాసం. గాలి సోకనిచోట పెరిగే ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం అనే సూక్ష్మజీవి టాన్సిల్ పక్కనుంచి మెడలోని జుగులర్ సిరలోకి దిగడమే దీనికి కారణం. పెన్సిలిన్ వచ్చాక కేసులు ఎంతగా తగ్గాయంటే, దీనికి ‘మరచిపోయిన జబ్బు’ అన్న పేరొచ్చింది. మరచిపోవడం కొంత తొందరపాటే! ఇప్పటికీ అడపాదడపా కనిపిస్తూనే ఉంది.

పైపెదవి మీద, ముక్కు పక్కన లేచే సెగగడ్డలను చిదమవద్దని వైద్యులు ఊరికే చెప్పరు. ముఖంలోని సిరలకు కంటి వెనక, మెదడు అడుగున ఉన్న కావెర్నస్ సైనస్ అనే సిరల గూడుతో లంకె ఉంది. అక్కడ గడ్డకడితే కనుగుడ్లు ఉబ్బుతాయి, చూపు మసకబారుతుంది. రష్యన్ స్వరకర్త అలెగ్జాండర్ స్క్రియాబిన్ 1915లో పైపెదవి మీది కురుపు ముదిరి, రక్తం విషమించి 43 ఏళ్లకే చనిపోయాడు.

అపెండిక్స్ చీముపట్టి, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరకు సోకితే పైలీఫ్లెబైటిస్. దానివల్ల కాలేయంలోనూ చీముగడ్డలు లేస్తాయి. బాలింతల్లో కటి సిరలకు వచ్చే రకం అంత తేలిగ్గా దొరకదు. యాంటీబయాటిక్స్ పడుతున్నా జ్వరం దిగకపోతేనే అనుమానం వస్తుంది.

నేటి ఆసుపత్రుల్లో తరచూ ఎదురయ్యేది సెలైన్ కోసం పెట్టే క్యాన్యులా వల్ల వచ్చేది. సూది చుట్టూ ఎర్రబడి, సిర తాడులా గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. ముందు క్యాన్యులా తీసేస్తారు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. అయినా లొంగక చీము కారుతుంటే ఆ సిర ముక్కను కోసి తీసేయాల్సి వస్తుంది.