చిక్కడపల్లి దవాఖానా గోడ

రోగికి చెప్పవలసిన మాటను వ్రాసి గోడకు తగిలించు ఆచారము మన హైదరాబాదు నగరమున కేవలము రోగిక్షేమమును కోరి పుట్టినది కాదు. అంటువ్యాధికి వెఱచిన రాజ్యము తన భయమును ప్రజల భయముగా మార్చుటకై దానిని పుట్టించెను. నేడు చిక్కడపల్లి సందులలోను, నారాయణగూడ కూడలియందును, అశోక్‌నగర్‌లోని శిక్షణాకేంద్రముల మేడలక్రిందను, ఏ కుటుంబవైద్యుని దవాఖానాకు పోయినను గోడమీద పదో పరకో నోటీసులు కనబడును. వానిని చదువకయే బల్లమీద కూర్చుండి, "డాక్టరుగారు ఎప్పుడు వస్తారండీ?" అని అడుగుట మనవారి అలవాటు. ఈ అలవాటును సోమరితనమని కొట్టివేయుట తగదు. దానివెనుక నూఱేండ్ల అనుభవము కలదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన బెట్టుకొనెను. ఆ గాయము మానకమునుపే, 1911లో, ప్లేగు నగరమును చుట్టుముట్టెను. హాఫ్‌కిన్ పండితుడు 1897లోనే బొంబాయిలో ప్లేగు టీకాను సిద్ధపఱచి తన శరీరముపైననే పరీక్షించుకొనియుండినను, సామాన్యుని చెవికి ముందుగా సోకినది టీకామాట కాదు, దండోరా: ఎలుకలు రాలిన యిల్లు విడువవలెను, రోగిని వేఱుచేయవలెను, సామానులు ఎండబెట్టవలెను. ఇట్టి ఆజ్ఞలను సైనికుల చేతులమీదుగా అమలుజరిపిన పూనా నగరమున, ప్లేగు అధికారియగు రాండ్ 1897 జూన్‌లో తుపాకిగుండ్ల పాలయ్యెను. దేశమంతటను గృహస్థులు రోగిని అటకలలోను, వంటయింటి మూలలలోను దాచిరి. నోటీసు అనగా ఇల్లు విడిపించునది, మనిషిని ఎత్తుకొనిపోవునది అను భావము జనుల మనస్సులో అట్లు నాటుకొనెను.

1915లో ఎఱ్ఱన్నగుట్టమీద ఏర్పడి 1923లో నల్లకుంటకు తరలివచ్చిన క్వారంటైన్ ఆసుపత్రి నారాయణగూడకు కూతవేటు దూరముననే యున్నది. తరువాత దానికి, 1897లో సికింద్రాబాదునందు దోమకును మలేరియాకును గల సంబంధమును కనుగొనిన రోనాల్డ్ రాస్ పేరు పెట్టిరి. జనుల నోట మాత్రము అది నేటికిని కోరంటి దవాఖానాయే. ఆ పేరు వినినంతనే గుండె గుభిల్లుమను ముసలివారు ఈ పేటలలో చాలకాలము నుండిరి.

ఆనాటి సర్కారు భాష ఉర్దూ. తెలుగింటి ఆడువారికి ఆ ప్రకటనలు ఒకరు చదివి చెప్పవలసినవే. మాడపాటి హనుమంతరావుగారు 1928లో నెలకొల్పిన బాలికల పాఠశాల నారాయణగూడలో విస్తరిల్లి, తెలుగులో చదువుకొనిన గృహిణులను తరమువెంట తరముగా ఈ వీథులకు అందించెను. ఆరోగ్యశాఖవారి కరపత్రము వంటయింటిదాక పోయినదన్నచో ఆ ఘనతలో సగపాలు శాఖవారిది కాదు, ఆ బడిదని నా అభిప్రాయము.

కుటుంబవైద్యుని దవాఖానాలో నోటీసు స్వభావమే మాఱినది. ఏబది అఱువదియేండ్ల క్రిందటి దవాఖానా అనగా రెండు గదులు. ముందుగదిలో బల్లలు, లోపల వైద్యుడు, నడుమ చెక్కతడిక వెనుక కంపౌండరు. "ఖాళీ సీసా వెంట తెచ్చుకొనవలెను", "పాతచీటీ తప్పక చూపవలెను", "ఆదివారము సాయంత్రము సెలవు" — ఇవి ఆ గోడమీది శాసనములు. అయితే అసలైన ప్రకటన సీసామీదనే యుండెడిది. ఎఱ్ఱని మిక్శ్చరు పోసి, బిరడా బిగించి, తెల్లకాగితపు పట్టీని నిలువుగా మడచి మోతాదుకొక గాటు చొప్పున కత్తిరించి కంపౌండరు దానిని సీసాకు అంటించెడివాడు; పొద్దునకు ఒక గాటు, రాత్రికి ఒక గాటు. అక్షరము రాని అవ్వయు దానిని తప్పుచదువుటకు వీలులేదు. పైగా ఆతడు సీసాను చేతికిచ్చుచు, "కలియబెట్టి త్రాగాలమ్మా, పెరుగు వద్దు" అని నోటితో చెప్పెడివాడు. గోడమీది వ్రాతకు లేని అధికారము ఆ గొంతుకకు ఉండెను. వైద్యుని మాటకు సంఘమున నెంత పరపతి యుండెనో, నారాయణగూడలో ఉద్యానమునకు పేరైన డాక్టరు మేల్కోటే జీవితమే చెప్పును. ఆయన వైద్యవృత్తినుండి స్వాతంత్ర్యోద్యమమునకును, అటనుండి 1952నాటి బూర్గుల మంత్రివర్గమునకును నడచిన వాడు.

బెదరింపుకంటె నమ్మకమైన మాటయే పనిచేయునను పాఠమును రాజ్యముకూడ ఆలస్యముగనైనను నేర్చుకొనెను. 1975లో మశూచిని తుదముట్టించు యత్నమున, రోగిని చూపినవారికి వేయి రూపాయల బహుమానము ప్రకటించిరి. రోగిని దాచిన ప్రజలను బెదరింపక ఆశచూపి పలికించుట! రెండేండ్లకు భారతదేశము మశూచిరహితమని నిర్ణయింపబడెను.

నారాయణగూడలోనే యున్న ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థను జనులు ఐపీఎం అనియే పిలుతురు. నీటిపరీక్షకు, ఆఫ్రికా పోవువారి పచ్చజ్వరము టీకాకు, అన్నిటికంటె మిన్నగా కుక్కకాటునకు అచటికి పోవుదురు. బొడ్డుచుట్టు పొడిచెడి వెనుకటి సూదుల కథలు చెప్పి పిల్లలను బెదరించిన తరము ఇంకను సజీవముగనే యున్నది. నాడీకణజాలముతో చేసిన ఆ టీకాను 2005 నాటికి దేశమంతట మానివేసిరి. ఇప్పుడు చేతికిచ్చు చీటీమీద రాబోవు దినములు వ్రాసియుండును: మొదటి సూది వేసిన నాడు, దానికి మూడు దినముల పిదప, ఏడు దినముల పిదప, ఆపైన తక్కినవి. కాటును పదునైదు నిమిషములు ధారనీటిక్రింద సబ్బుతో కడుగుట మాత్రము ఇంటియొద్దనే జరుగవలసిన పని. పసుపు పూసికొని వచ్చువారు నేటికిని లేకపోలేదు.

హుస్సేన్‌సాగరు అలుగునీరు పాఱు నాలా అశోక్‌నగర్ ప్రక్కగా పోవును. 2000 ఆగస్టు 24న నగరమున ఒక్కనాడే 24 సెంటీమీటర్ల వాన కురిసి, ఆ నాలా ఇండ్లలోనికి వచ్చెను. అట్టి వాన వెలిసిన పిదప ఈ పేటలో ఏ వైద్యుడైనను వ్రాయవలసిన మొదటిమాట మరిగించిన నీరే. 2020లో కరోనా వచ్చినప్పుడు గోడ వీథిలోనికి జరిగెను. దగ్గు, జ్వరము ఉన్నవారు ముందుగా ఫోను చేయవలెనన్న కాగితములు మూసిన తలుపులపై వెలిసెను. ఇప్పుడు సెలవుదినములు వాట్సాపులో వచ్చుచున్నవి. మునుపటి కంపౌండరు స్థానమున కూర్చున్న అమ్మాయిని పెద్దవారు ఇప్పటికిని "ఏమని వ్రాసినారు తల్లీ?" అని అడుగుచునే యున్నారు.

ఇటీవలి గోడలో విశేషమొకటి కలదు. ఇంతకాలము రోగిని శాసించిన నోటీసు ఇప్పుడు వైద్యుని శాసించుచున్నది. 1994నాటి చట్టము ననుసరించి, గర్భస్థశిశువు ఆడయో మగయో ఇచట చెప్పబడదని స్కానింగు కేంద్రములు స్థానికభాషలో ఫలకము పెట్టితీరవలెను. 2010నాటి వైద్యసంస్థల చట్టముక్రింద 2012లో చేసిన నియమములు రుసుములను ఇంగ్లీషుతోపాటు స్థానికభాషలోను కనబడునట్లు ప్రదర్శింపుమనుచున్నవి. తెలంగాణయు ఆ చట్టమును స్వీకరించినది. స్కానింగు ఫలకమును ఎవరును కదల్పరు. రుసుముల పట్టికయే, కొన్నిచోట్ల, మందులకంపెనీవారి క్యాలెండరు వెనుకకు మెల్లగా జరుగుచున్నది.