గోడ లేని రోజుల పెళ్లి కానుక

గుత్తిలో కుట్టు టీచరుగా ఉన్నన్నాళ్లూ నా చేతుల మీదుగా వెళ్లిన పెళ్లి ఫ్రేములకు లెక్కలేదు. మ్యాటీ గుడ్డ, యాంకర్ దారం, చుట్టూ గులాబీలు, పైన రెండు చిలకలు, నడుమ పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు. అద్దం కట్టించి చదివింపుల్లో ఇచ్చేవాళ్లు. లోయర్, హయ్యర్ కుట్టు పరీక్షలకు కట్టే ఆడపిల్ల ఇంట్లో ఉంటే చాలు, బంధువుల పెళ్లిళ్లన్నిటికీ ఆ పిల్ల కుట్టిందే కానుక.

ఆ పేర్లు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే. ఫ్యాషనొక్కటే కాదు కారణం. క్రాస్ కుట్టుకు గళ్లే ఆధారం. ఐదు గళ్ల వెడల్పు, ఏడు గళ్ల ఎత్తు ఇస్తే ఇంగ్లీషు పెద్ద అక్షరం ఏదైనా కుదురుగా కూర్చుంటుంది. మన అక్షరమేమో గుండ్రం. తలకట్టు, గుడి, వత్తు అన్నీ పట్టాలంటే అంతకు రెండింతల చోటు కావాలి, అప్పటికీ వంపు మెట్లుమెట్లుగానే కనిపిస్తుంది. నేను వంపుల దగ్గర కాడకుట్టు వేయించేదాన్ని. క్రాస్‌లో కాడకుట్టేమిటని కొందరు మొహం చిట్లించేవాళ్లు. చిట్లించనీ, పేరు తెలుగులో వచ్చిందా లేదా!

గుడ్డ మీద లెక్కపెట్టి కుట్టడం మనకు నమూనా పుస్తకాలతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. మా గుత్తి చుట్టూ ఉన్న తండాలకు వెళ్లి చూస్తే ఆ మాట నిలవదు. ఆ తండాల్లోని సుగాలీలు, అంటే లంబాణీలు, ఆరాధించే సేవాలాల్ మహరాజ్ 1739లో పుట్టింది గుత్తి దగ్గరి సేవాగడ్‌లోనే అని వాళ్ల నమ్మకం. అప్పట్లో వాళ్లది పెరికెద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే బతుకు. మొగలుల సైన్యానికీ, నైజాముకూ, తర్వాత ఇంగ్లీషువాళ్లకూ తిండిగింజలు చేరవేసింది ఆ బిడారులే. 1871లో మద్రాసు నుంచి గుత్తి మీదుగా వచ్చిన రైలు దారి రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ఎద్దుకు పని తగ్గింది. నేరస్థ తెగల చట్టం పుట్టిందీ ఆ ఏడే. అది 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది, దేశమంతటా పూర్తిగా పోయింది 1952లో.

బిడారుకు గోడ ఉండదు. అందుకే వాళ్ల పెళ్లి కుట్టుపనంతా కట్టుకునేదో, మోసుకుపోయేదో: పేటియా అనే పావడా, కాంచళి అనే రవిక, కడవ మీద కప్పే ఫులియా, వక్కాకు పెట్టుకునే కోత్లి. కోత్లిని దగ్గర పెట్టుకుని చూడండి. చదరపు గుడ్డ మూడు మూలలు నడిమికి మడిచి కుడతారు, నాలుగోది మూత. అంచున గవ్వలు, లోపల క్రాస్, గొలుసు కుట్లు, అద్దం చుట్టూ దట్టంగా దారం. గీత గీయరు, పోగులు కంటితోనే లెక్కపెడతారు. పిల్ల చిన్నగా ఉన్నప్పుడే తల్లి మొదలుపెట్టేది. పేరు రాయకపోయినా ఎవరి చేతి పనో తండాలో అందరికీ తెలుసు. దీని పక్కన మా ఫ్రేము తేలిపోతుందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

1882 దాకా మా గుత్తి ఉన్న అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలోదే. ఆ బళ్లారి పక్కనే ఉన్న సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో హంపి జీ-20 సమావేశం వేళ సండూరు ఆడవాళ్లు 450 మందికి పైగా కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట పరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. మన వైపు పేటియాలేమో అద్దాలు ఊడి ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. వానల్లేని ఏళ్లలో బెంగళూరు పనులకు పోయిన కోడళ్లకు పోగులు లెక్కపెట్టే తీరికెక్కడిది?

మీ ఇంట్లో అలాంటి గుడ్డ ఉంటే కుషన్ కవర్లకని కోయకండి. అవ్వ బతికుండగానే పక్కన కూర్చుని ఒక్కో కుట్టు పేరూ అడిగి రాసిపెట్టుకోండి, తెలుగులోనే.